ఒకే అమాస, వేరు వేరు ఇళ్లు

శ్రావణం ఆఖర్లో వచ్చే అమాస నాడు బోధన్ చుట్టుపక్కల నాలుగిళ్లు తిరిగి చూడండి. మరాఠీ మాట్లాడే రైతు వాకిట్లో ఎడ్లకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులద్ది, వీపు మీద జూలు కప్పుతుంటారు. సాయంత్రం వాటిని హనుమాన్ గుడి చుట్టూ తిప్పి తెచ్చి పూరణ్‌పోళి తినిపిస్తారు. వాళ్లకది పోళా. తెలుగోళ్ల నోట్లో పడి పొలాల పండుగ అయింది. అక్కడికి ఆమడ దూరం కూడా లేని క్యాంపులో, తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లింట్లో అదే రోజు పోలాల అమావాస్య నోము. పీట మీద కంద మొక్క, పసుపు కొమ్ము కట్టిన తోరం, పిల్లలు చల్లగా ఉండాలని తల్లి చదివే కథ, నైవేద్యానికి పూర్ణం బూరెలు. ఎద్దు ఊసే లేదు. ఈ రెండిళ్ల మధ్యన మా ఇల్లు. ఆ రోజు మాకు ఏ పండుగా లేదు. ఎడ్ల పండుగ జ్యేష్ఠంలో ఏరువాక పున్నానికే అయిపోయింది. మా అమాస ఇంకో నెలకు వస్తుంది, పెత్రమాస. బతుకమ్మ మొదలయ్యేది ఆ రోజే.

తిథి ఒకటే, పేరు కూడా ఇంచుమించు ఒకటే. ఒకరికి అది ఎద్దు, ఒకరికి కంద మొక్క, మాకు ఉత్త అమాస.

నిజామాబాద్ జిల్లా గురించి బయటివాళ్లు రాసినప్పుడు మాత్రం ఇంత రగడ ఉండదు. నాలుగు గంపలు పెట్టి అందర్నీ వాటిలో సర్దేస్తారు: స్థానికులు, సెటిలర్లు, మైనారిటీలు, గిరిజనులు. ఎన్నికలొస్తే పేపర్లలో ‘సెటిలర్ల ఓట్లు ఎటు?’ అని శీర్షిక పడుతుంది. ఈ గంపల్లో నిజానికి ఎవరెవరున్నారు, గంప మీద పేరు ఎవరు రాశారు, ఆ పేరు ఎవరికి పనికొచ్చింది, ఎవర్ని ముంచింది అన్నదే ఈ సమీక్షలో చూడాలనుకున్నది.

ఈ ప్రశ్న మీద అందరికంటే ఎక్కువ కాగితం ఖర్చు చేసింది అమెరికా. స్పానిష్ 20 దేశాలకు అధికార భాష. ఆ దేశాల నుంచి వచ్చినవాళ్లనూ, ఎప్పుడో ఆ మూలాలున్నవాళ్లనూ అందర్నీ కలిపి అక్కడ ‘హిస్పానిక్’ అంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం వాళ్లు 6 కోట్ల 20 లక్షల పైచిలుకు. ఇందులో మెక్సికో మొక్కజొన్న రైతు మనవడు ఉంటాడు. 1959 విప్లవం తర్వాత ఆస్తులు వదిలేసి ఓడెక్కిన క్యూబా వర్తకుడి కూతురు ఉంటుంది. పుట్టుకతోనే అమెరికా పౌరుడైన ప్యూర్టోరికో డ్రైవర్ ఉంటాడు. 1917 నుంచీ ఆ ద్వీపం వాళ్లంతా అమెరికా పౌరులే. ఇంట్లో కెచువా మాట్లాడుకుని బజార్లో మాత్రమే స్పానిష్ మాట్లాడే పెరూ కొండ మనిషీ ఉంటాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఆదివాసులు అందరూ ఆ ఒక్క పేరు కిందే. పక్కనే ఉన్న బ్రెజిల్ వాళ్లది పోర్చుగీసు కనక వాళ్లు ఆ గంపలో ఇమడరు.

పేరు ఎలా పుట్టిందో జి. క్రిస్టినా మోరా ‘మేకింగ్ హిస్పానిక్స్’ అనే పుస్తకంలో (2014) విప్పి చెప్పింది. సెన్సస్ ఆఫీసు అధికార్లు, హక్కుల కోసం కొట్లాడిన సంఘాలు, స్పానిష్ టీవీ ఛానళ్లు ముగ్గురూ ఎవరి అవసరం కొద్దీ వాళ్లు కలిస్తే ఆ మాట నిలబడింది. ఆఫీసుకు లెక్క కావాలి, సంఘాలకు బలం కావాలి, టీవీకి ప్రేక్షకులు కావాలి. ఆ పేరుకు కచ్చితమైన అర్థం చెప్పకుండా వదిలేయడమే దాని బలమైందని ఆమె వాదన. అర్థం గట్టిగా చెబితే సగం మంది లేచి వెళ్లిపోయేవాళ్లు. అమెరికా పార్లమెంటు 1976లో ఈ జనం లెక్కలు తీయాలని చట్టం చేసింది. 1980 లెక్కల్లో మొదటిసారి దేశంలో ప్రతి ఇంటినీ ఆ ప్రశ్న అడిగారు. అంతకుముందు 1930లో ‘మెక్సికన్’ అని ఒక జాతి గడి పెట్టి, పదేళ్లకే తీసేశారు.

ఆ పుస్తకం చదువుతుంటే నాకు ‘సెటిలర్’ అనే మాటే మెదిలింది. అది కూడా అట్లాంటిదే. దానికి ఎవరూ అర్థం రాయలేదు. అందుకే ఎవరికి కావాలంటే వాళ్లకు పనికొచ్చింది.

అసలు కథ నీళ్లతో మొదలవుతుంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువలు బాన్సువాడ, బోధన్ వైపు సాగాయి. అప్పటిదాకా ఇక్కడి రైతు చెరువు కింద నాలుగు మళ్లు వరి, చెలకలో జొన్న, కంది వేసుకున్నవాడు. వానను నమ్ముకున్న సేద్యం అది. పెద్ద కాలువ కింద వంతులవారీ నీళ్లు, విస్తారంగా వరి, చెరుకు అంటే కొత్త. డెల్టా రైతుకు అది అప్పటికే మూడు తరాల విద్య. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో వచ్చాయి. పైగా అక్కడ భూమి ధర మండిపోతోంది, ఇక్కడ చవక. అక్కడ ఒక ఎకరం అమ్ముకుంటే ఇక్కడ నాలుగైదు వచ్చేవని పాతవాళ్లు చెప్పే లెక్క. నిజాం సర్కారుకు ఆయకట్టు సాగులోకి రావాలి, శిస్తు రావాలి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. దాని కడుపు నిండాలంటే చెరుకు రావాలి. ఇన్ని అవసరాలు ఒకచోట కలిస్తే జనం రాక ఏం చేస్తారు!

వచ్చినవాళ్లు ఊళ్లో దిగలేదు, కాలువ పక్కన పొలాల్లో దిగారు. ఆ చోటు క్యాంపు అయింది. గుడిసెలు పోయి పెంకుటిళ్లు వచ్చాయి, పెంకుటిళ్లు పోయి డాబాలు లేచాయి. క్యాంపు అన్న మాట మాత్రం కదలలేదు. తొంభై ఏళ్ల తర్వాత కూడా వర్ని, కోటగిరి, రుద్రూరు వైపు బస్సులో పోతుంటే కండక్టర్ ‘క్యాంపు, క్యాంపు’ అనే కేకేస్తాడు. కర్ణాటకలో తుంగభద్ర ఆయకట్టు కింద సింధనూరు, గంగావతి, మాన్వి పక్కన ఉన్నవీ ఇట్లాంటి ఆంధ్రా క్యాంపులే. మూడు తరాలు అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా క్యాంపులోనే ఉంటున్నారు. అంటే, దారిలో కాసేపు ఆగినవాళ్లన్న మాట!

ఇక ఆ క్యాంపులో ఉన్నది ఒకే జనమా? గోదావరి జిల్లా రాజులు, కృష్ణా గుంటూరు కమ్మవారు, కాపులు, వాళ్ల వెంట పనికి వచ్చిన దళిత కుటుంబాలు. భూమి కొన్న ఇంటికీ, ఆ భూమిలో నాటు వేసిన ఇంటికీ మధ్య ఉన్న దూరం ముందు కృష్ణకూ మంజీరకూ ఉన్న దూరం ఎంత? ‘ఆయ్’ అనే గోదావరి యాస గుంటూరు వాళ్లకు ఇప్పటికీ నవ్వులాటే. అయినా మా దిక్కు అందర్నీ కలిపి ‘గుంటూరోళ్లు’ అనే అనేది. భీమవరం నుంచి వచ్చినాయన కూడా మాకు గుంటూరాయనే. పాపం ఆయన ఎన్నిసార్లు దిద్దినా మేం దిద్దుకోలేదు.

దిద్దుకోనిది ఒక్కవైపే కాదు లెండి. తొమ్మిదో పదో ఏట క్యాంపు దోస్తు ఇంటికి పోయాను. దప్పికై వాళ్లమ్మను ‘అవ్వా, జర నీళ్లియ్యవా?’ అన్నాను. మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె నీళ్లిచ్చింది గానీ ముఖం మాడ్చుకుంది. ‘నాకేం అంత వయసైపోయిందిరా, అవ్వనంటున్నావు?’ అంది. వాళ్ల దగ్గర అవ్వంటే పళ్లూడిన ముసలమ్మ అని నాకేం తెలుసు! బయటికొచ్చాక వాడు నాకు పాఠం చెప్పాడు: ‘పెద్దవాళ్లను నువ్వు అనకూడదురా, మీరు, అండీ అనాలి.’ మరుసటి ఆదివారం వాడు మా ఇంటికొచ్చాడు. మా అవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. ‘ఏమండీ, కాసిని మంచినీళ్లిస్తారా?’ అన్నాడు. ఆమె చప్పున వెనక్కు తిరిగి చూసింది, ఎవరో సార్ వచ్చి నిలబడ్డాడేమోనని. సంగతి అర్థమయ్యాక చాట పక్కన పెట్టి, ‘నన్నేందిరా బిడ్డా అండీ అంటవు, నేనేమన్న పట్వారిదాన్నా?’ అని పకపకా నవ్వింది. వాడికి ఇంకో చిక్కు: బిడ్డ అంటే వాళ్ల దగ్గర ఎవరైనా పిల్లలే, మా దగ్గర బిడ్డంటే కూతురు. మరి కొడుకుల్లాంటివాడిని ముద్దుకు బిడ్డా అనడమేంటో వాడికి అంతుపట్టలేదు.

సరిగ్గా ఇట్లాంటి గందరగోళమే స్పానిష్ లోకంలోనూ ఉంది. క్యూబా, ప్యూర్టోరికోల్లో ‘గ్వాగ్వా’ అంటే బస్సు. చిలీలోనూ ఈక్వెడార్ కొండల్లోనూ అదే మాటకు పసిబిడ్డ అని అర్థం. అక్కడది కెచువా నుంచి వచ్చింది. హవానా మనిషి చిలీకి పోయి గ్వాగ్వా కోసం చూస్తున్నానంటే పక్కవాడు ఏ ఆస్పత్రికో దారి చూపిస్తాడు. చిక్కుడు జాతి గింజలను మెక్సికోలో ‘ఫ్రిహోలెస్’ అంటారు, ప్యూర్టోరికోలో ‘అబిచువెలాస్’, అర్జెంటీనాలో ‘పొరోతోస్’, వెనెజువెలాలో ‘కరావోతాస్’. టోర్టియా అంటే మెక్సికోలో మొక్కజొన్న రొట్టె, స్పెయిన్‌లో ఆలుగడ్డ వేసిన గుడ్డట్టు. మీరు, నువ్వుల పేచీ కూడా ఉంది. బొగొటా ఇళ్లలో అన్నదమ్ములు, మొగుడూ పెళ్లాలు కూడా ‘ఉస్తెద్’ అనే మన్నన మాట వాడుకుంటారు. మిగతా చాలా చోట్ల దగ్గరివాళ్లను అట్లా పిలిస్తే అలిగారనుకుంటారు. మన్నన మాటలో లేదు, ఏ ఇంట్లో ఏ మాట మన్నన అనేదాంట్లో ఉంది. క్యాంపు అమ్మ ఒకలా నొచ్చుకుంటే, మా అవ్వ ఇంకోలా నవ్వింది.

వంటింట్లోకి వస్తే పుంటికూర, గోంగూర సంగతి అందరికీ తెలిసిందే. బోధన్ బజార్లో పండుగ ముందు శనగపప్పు, బెల్లం కొనే ముగ్గురు ఆడవాళ్లను అడిగితే ఒకరు బచ్చాలకు అంటారు, ఒకరు బొబ్బట్లకు, ఒకరు పూరణ్‌పోళికి. సామాను ఒకటే, దుకాణం ఒకటే. మావాళ్లకు ఎల్లిగడ్డ, వాళ్లకు వెల్లుల్లి. మాకు బువ్వ అంటే అన్నం. వాళ్లకు చంటిపిల్లల భాషలో అన్నం. మా ముసలివాళ్లు ‘బువ్వ తిన్నవా’ అని అడిగితే క్యాంపు పిల్లలు నవ్వేవాళ్లు. మా పిల్లలేమో వాళ్లు ‘అన్నం తిన్నారా అండీ’ అంటే నవ్వేవాళ్లు. ఇద్దరికీ పెట్టింది ఆ నిజాంసాగర్ కింద పండిన బియ్యమే.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశాల పని వ్యవసాయ పదాలతో మొదలుపెట్టి మొదటి సంపుటం 1962లో తెచ్చారు. తెలుగుకు ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలని నాలుగు మాండలికాలు గుర్తించారు. ఉత్తరం అంటే తెలంగాణ, దక్షిణం రాయలసీమ, పూర్వం విశాఖ శ్రీకాకుళం వైపు, మధ్య మండలం గోదావరి, కృష్ణా, గుంటూరు. ఆ మధ్య మండలం మాట బడిపుస్తకాలెక్కి తెలుగంటే అదే అయి కూర్చుంది. క్యాంపు పిల్లవాడి ఇంటి మాటా, క్లాసు మాటా ఒకటే కాగా, ఊరి పిల్లవాడు బడిగేటు దాటగానే అనువాదం మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒకే భాష అన్న పేరు కింద జరిగిన అన్యాయాల్లో నా మటుకు నాకు ఇదే పెద్దది. దీని మీద ఇప్పటికే చాలామంది రాశారు కనక వదిలేస్తాను. ఒక్క మాట: ‘ఉత్తర మండలం’ కూడా ఒక గంపే. నిజామాబాద్ మాటకూ నల్లగొండ మాటకూ ఉన్న తేడా రెండు ఊళ్ల పెళ్లివాళ్లు ఒక పందిట్లో కూచుంటే తెలుస్తుంది.

లీసా మిచెల్ 2009లో తెచ్చిన పుస్తకంలో దక్షిణాదిలో ‘మాతృభాష’ అనే భావన ఎట్లా తయారైందో తెలుగునే ఉదాహరణగా తీసుకుని రాసింది. పూర్వం ఒక్కో పనికి ఒక్కో భాష ఉండేదనీ, భాష మనిషి గుర్తింపై, తల్లిగా మారి, ప్రాణాలిచ్చేదాకా వచ్చింది పంతొమ్మిదో శతాబ్దం నుంచేననీ ఆమె చెబుతుంది. బోధన్ వాళ్లకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. 1948కి ముందు ఇక్కడ కచేరీ ఉర్దూలో నడిచేది, బజారు తెలుగు మరాఠీల్లో, లంబాడీ తండా గోర్ బోలిలో. ఒక్క మనిషే పొద్దుటి నుంచి రాత్రికి మూడు భాషలు మార్చేవాడు. వాణ్ని ‘నీది ఏ భాష’ అని అడిగితే, ఏ పనికని ఎదురడిగేవాడు.

తర్వాత గీతలు పడ్డాయి. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా మూడు ముక్కలు చేసినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఇటు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. మిగతా దెగ్లూర్ బొంబాయి రాష్ట్రానికి పోయింది. పడమర పక్కనున్న బీదర్ మైసూరుకు. జుక్కల్ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడి ఇళ్లల్లో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ నడుస్తాయి. పెళ్లి సంబంధాలు మూడు రాష్ట్రాల నుంచీ వస్తాయి. వాళ్లెవరూ వలస రాలేదు. కూచున్నచోటే కూచున్నారు, గీతే వచ్చి పక్కన పడింది. అమెరికాలో దీనికి జోడు 1848. మెక్సికో యుద్ధంలో ఓడి సగానికి దగ్గర భూభాగం వదులుకుంటే, ఆ నేల మీదున్న స్పానిష్ మాట్లాడే కుటుంబాలు రాత్రికి రాత్రి అమెరికావాళ్లయ్యాయి. నూట డెబ్బై ఏళ్ల తర్వాత వాళ్ల మునిమనవళ్లను కూడా ‘ఎక్కణ్నుంచి వచ్చారు?’ అని అడిగేవాళ్లున్నారు. జుక్కల్ మనిషి హైదరాబాద్ పోయి నోరు విప్పితే ‘మహారాష్ట్రనా?’ అంటారు. సాలూర వంతెన దాటి బిలోలి పోతే ‘తెలంగాణావాలా’ అంటారు.

గీతల వల్ల నిజంగా నలిగింది లంబాడీలు. మంజీరకు ఇటు తెలంగాణలో వాళ్లు షెడ్యూల్డ్ తెగ. 1976 నుంచి ఆ హోదా ఉంది. అదే తండావాళ్ల చుట్టం మంజీర అవతల మహారాష్ట్రలో ఉంటే విముక్త జాతి, ఎస్టీ కాదు. జుక్కల్ పడమర కర్ణాటకలోకి పోతే షెడ్యూల్డ్ కులం. ఒకే గురువు సేవాలాల్, ఒకే తీజ్ పండుగ, ఒకే పాట, ఒకే బోలి. పొద్దున్నే మోటార్ సైకిల్ మీద బయల్దేరితే సాయంత్రానికి మూడు సర్టిఫికెట్ల లోకాలు చుట్టి రావచ్చు. పిల్లను ఇటు ఇస్తే కాలేజీ సీటుకు ఒక లెక్క, అటు ఇస్తే ఇంకో లెక్క. ఇక భాష సంగతి చూడండి. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ లేదా లమాణీ మా మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. వాళ్లందర్నీ ఆ లెక్కల్లో ‘హిందీ’ కింద కలిపారు. వర్ని దగ్గర తండాలో గోర్ బోలి తప్ప రెండో మాట రాని ముసలమ్మ, ఢిల్లీ కాగితం మీద హిందీ మనిషి. ఆమెకు హిందీలో నమస్తే చెప్పి చూడండి.

ఆ ఏడు దేశమంతా జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వాటిని సర్ది 1,369 చేశారు. మళ్లీ మూటలు కట్టి, పదివేలకు పైగా మాట్లాడేవాళ్లున్నవి 121 భాషలని తేల్చారు. ఆఫీసుకు వేరే దారి లేదు, ఒప్పుకుంటాను. మూట కట్టకుండా ఎవరూ లెక్క చేయలేరు. అయితే ఏ మూటలో ఏది వేయాలన్నది లెక్క తేల్చే విషయం కాదు. అది ఎవరిదో ఒకరి నిర్ణయం, దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

మూడో గంప మైనారిటీలది. బోధన్ ముస్లింలది ఉర్దూ అంటాం. వాళ్లు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. లక్నో మనిషి వద్దనడానికి ‘నహీ చాహియే’ అనే చోట బోధన్ మనిషి ‘నక్కో’ అంటాడు. ఆ ‘నక్కో’ మరాఠీ ‘నకో’. సర్కారుకు అవసరం వచ్చినప్పుడు ఈ గంపను తనే విప్పింది. 2007లో వెనుకబడిన ముస్లింలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, ఖురేషీలు, హజాములు, సిద్దీలు అంటూ 14 వర్గాలను పేరుపేరునా రాసింది. దూదేకులవాళ్లు అప్పటికే బీసీ-బిలో విడిగా ఉన్నారు. పంచాల్సి వచ్చినప్పుడు ఆఫీసుకు కూడా తేడాలు బాగానే కనిపిస్తాయన్న మాట.

ఊరి నుంచి బయటికి పోయిన మావాళ్ల కథ ఇంకోటి. ఇక్కడ పద్మశాలి, మాదిగ, ముదిరాజు, గౌడ్ అని ఎవరి వాకిలి వారిదైన మనుషులు బొంబాయి పోగానే అందరూ ‘కామాటీ’లు. తెలంగాణ నుంచి కూలికి పోయినవాళ్ల పేరునే అక్కడి పేట కామాటిపురా అయింది. ఆ పేట పేరు తర్వాత దేనికి స్థిరపడిందో చెప్పనక్కర్లేదు. రాళ్లు మోసి ఊరు కట్టినవాళ్ల గుర్తు దాని కింద పడిపోయింది. భివండీ, షోలాపూర్ మగ్గాల మీద తెలుగు వినిపిస్తుంది, వీధి వాళ్లకు మాత్రం ‘మద్రాసీ’. గల్ఫ్ పోతే అరబ్బు యజమానికి ఆర్మూరు మనిషీ, కేరళ మనిషీ, బీహారీ అందరూ ‘హిందీ’. అరబ్బీలో ఆ మాటకు భారతీయుడని అర్థం. ముక్క హిందీ రానివాడు కూడా అక్కడ హిందీ! అమెరికా పోయినవాళ్లు 1977లో తానా పెట్టుకున్నారు, 1990ల ఆరంభానికి ఆటా వచ్చింది, ఆ తర్వాత ఇంకొన్ని. అక్కడి తెల్లవాడికి అందరూ ఇండియన్లే. లోపల మాత్రం ఏ సభకు ఏ నది వాళ్లు పోతారో పిల్లలకు కూడా తెలుసు. దూరం పోయేకొద్దీ గంప పెద్దదవుతుంది. గంప లోపల గోడలు మాత్రం అట్లాగే ఉంటాయి.

ఇంత చెప్పాక, పేర్లే తప్పు అనేస్తే అది సోమరి తీర్పు అవుతుంది. లెక్కలో లేనివాడికి వాటా ఉండదు. హిస్పానిక్ అన్న గడి కోసం కొట్లాడింది ముందుగా ఆ జనమే, ఎందుకంటే బడులకు, ఓటు హక్కుకు, ఆస్పత్రులకు డబ్బు రావాలంటే ఇంతమందిమి ఉన్నామని చూపించాలి. 1969లోనూ, ఆ తర్వాత 2014 జూన్ 2 దాకానూ ‘తెలంగాణ’ అనే పేరు చేసిన పని అదే. నల్లగొండ, నిజామాబాద్, ఖమ్మం వాళ్లను ఒక గొంతు చేసింది. అవ్వ అనీ బువ్వ అనీ అనడానికి సిగ్గుపడిన తరానికి నిటారుగా నిలబడడం నేర్పింది. ఆ పేరు లేకుంటే నేను ఈ వ్యాసంలో ఆ మాటలు రాసేవాణ్ని కాదేమో. అడగడానికి అందరికీ ఒక్క పేరు కావాలి. పంచేటప్పుడు అదే పేరు పట్టుకుని కూచుంటే మాత్రం లోపల బలమున్నవాడే తింటాడు.

పంచేటప్పుడు గీత ఎట్లా తలకిందులవుతుందో 2014లోనే చూశాం. విద్యార్థుల ఫీజు సాయానికి కొత్త ప్రభుత్వం 1956 నవంబరు 1ని హద్దుగా పెట్టింది: అంతకుముందు నుంచి ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే సాయం. ఆ లెక్కన 1930ల్లో వచ్చిన క్యాంపు కుటుంబం స్థానికులే, 1960ల్లో అదే క్యాంపులో, అదే గోడ పక్కన ఇల్లు కట్టుకున్న వాళ్ల తమ్ముడి కుటుంబం కాదు! సెటిలర్ అన్న మాటకు అప్పుడొక్కసారి సర్కారు అర్థం రాసింది, రాయగానే ఆ గంప రెండుగా చీలింది. తర్వాత ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కు తీసుకుంది.

ఇక శక్కర్‌నగర్. నిజాం షుగర్స్‌లో 2002లో ప్రైవేటు భాగస్వామ్యం వచ్చింది, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లూ ఆగిపోయాయి. గేటు ముందు కూచున్నవాళ్లలో ఊరివాళ్లు, క్యాంపువాళ్లు, ఉర్దూ మాట్లాడే ఫిట్టర్లు, మరాఠీ మాట్లాడే కూలీలు అందరూ ఉన్నారు. చెరుకు రైతు, ఫ్యాక్టరీ కార్మికుడు అనే రెండు పేర్లు తప్ప అక్కడ మూడో పేరు వినపడలేదు. పని ఇచ్చిన పేరు, భాష ఇచ్చిన పేరు కంటే గట్టిగా పట్టి ఉంచుతుందని నేననుకుంటాను. అయితే ఆ పేరులోనూ అందరూ సమానం కాదు. ఇరవై ఎకరాల చెరుకున్నాయనా, ఆ చెరుకు నరికిన తండా మనిషీ ఇద్దరూ నష్టపోయారు. ఒకాయన మరుసటి ఏడు వరికి మారాడు. రెండో ఆయన దుబాయి టికెట్‌కు అప్పు వెతుక్కున్నాడు. చక్కెర లోకంలో ఎక్కడైనా ఇదే కథ. డొమినికన్ రిపబ్లిక్ చెరుకు తోటల్లో దశాబ్దాలుగా నరికేది ఎక్కువగా హైతీ నుంచి వచ్చిన క్రియోల్ భాషవాళ్లు. చక్కెర మీద పేరు మాత్రం స్పానిష్ దేశానిది.

దేశంలో కొత్త జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని తేదీగా ప్రకటించారు. ఈసారి కులం కూడా రాస్తారు. లెక్కలు రాసేవాళ్లు వచ్చినప్పుడు మాతృభాష అన్న ప్రశ్న దగ్గర మన దిక్కు చాలామంది ‘మీకు తోచింది రాసుకోండి సార్’ అంటారు. అట్లా అనొద్దు. తండాలో ఉన్నవాళ్లు గోర్ బోలి అయితే గోర్ బోలి అనే చెప్పండి, వడ్డెర భాష అయితే అదే, దక్కనీ అయితే దక్కనీ. ఏ మూటలో కట్టాలన్నది ఢిల్లీలో తేలుతుంది. మూటలోకి పోయే కాగితం మీద ఏ మాట ఉండాలన్నది మీ గడప దగ్గరే తేలుతుంది, ఆ కాగితం రాసేటప్పుడు పక్కన నిలబడి చూసుకోండి.